మిర్చి కోల్డ్ స్టోరేజీలో మధ్యాహ్నపు కరెంటు: గుంటూరు ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, చివరి వారం

మధ్యాహ్నం గ్రిడ్డులో సోలార్ కరెంటు పొంగుతుంది. సాయంత్రం ఆరు దాటేసరికి అదే గ్రిడ్డు కరెంటు కోసం వెతుక్కుంటుంది. కర్నూలు దగ్గరి 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పొద్దు గూకగానే సున్నాకి వస్తుంది, మన ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు మాత్రం అప్పుడే ఎక్కుతాయి. ఈ ఎడాన్ని పూడ్చేందుకు పెద్ద ఎత్తున చేసేది నీళ్లు పైకి తోడి దాచడం. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు అందుకే.

గుంటూరు ఊళ్లో అలాంటి జలాశయాలు లేవు. ఉన్నవి మిర్చి కోల్డ్ స్టోరేజీలు. ఒక్కో దాంట్లో వేల టన్నుల సరుకు నెలల తరబడి ఐదారు డిగ్రీల దగ్గర కూర్చుని ఉంటుంది. ఎండ ఉన్నప్పుడు దాన్ని ఇంకాస్త చల్లబరిచి, సాయంత్రం నాలుగు గంటలు కంప్రెసర్ ఆపేస్తే గ్రిడ్డుకు అది బ్యాటరీతో సమానం. కొత్తగా ఒక్క సెల్లు కూడా కొనక్కర్లేదు.

ఆలోచన కొత్తదేం కాదు. కానీ మిరపకాయ మీద, మన ఎండల్లో, మన పాత అమ్మోనియా ప్లాంట్ల మీద ఇది ఎంతవరకు నిలుస్తుందో కొలిచి చెప్పాలని మా పని. ఊరి శివార్లలో ఒక ఓనరుగారు ఒప్పుకున్నారు. నాలుగు చాంబర్లు, చాంబరుకు దాదాపు 20 వేల టిక్కీలు, అంటే మిర్చి నింపిన గోనె సంచులు. అమ్మోనియా కంప్రెసర్లు మూడు, ఒక్కోటి 75 హార్స్‌పవర్ మోటారుతో. సరుకు ఎక్కే సీజన్లో రెండు నడుస్తాయి, ఒకటి స్పేరు. సరుకు చల్లబడ్డాక ఒకటే చాలు.

ఓనరుగారు పెట్టిన షరతు ఒక్కటే. "ఇది నా సరుకు కాదమ్మా, రైతుది, వ్యాపారిది. రంగు తగ్గినా, బూజు పట్టినా యార్డులో నన్నే అడుగుతారు. అది జరగనంతవరకు మీ ఇష్టం." ఆ మాటను మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఈ ప్రాజెక్టుకు అసలు హద్దు అదే.

మార్చి, మొదటి వారం

సరుకు ఎక్కుతోంది. తేజ, 334, బాడిగ రకాలన్నీ వస్తున్నాయి. హమాలీలు టిక్కీలు భుజానికెత్తి పై అంతస్తుకు మోస్తుంటే ఘాటుకి ముక్కు, గొంతు మండిపోతాయి. వాళ్లు ముఖానికి తువ్వాలు చుట్టుకుని పని చేసుకుపోతూ ఉంటారు. అదే హడావిడిలో మేం కొన్ని టిక్కీలకు ఉష్ణోగ్రత ప్రోబ్‌లు పెట్టించుకున్నాం. ఒకటి గోనె మీద, ఒకటి 5 సెంటీమీటర్ల లోతున, ఒకటి 15 సెంటీమీటర్ల లోతున, ఒకటి నడిమధ్యన. సరుకు పేర్చేశాక మళ్లీ చేయి పెట్టే వీలుండదు, కాబట్టి ఇప్పుడే.

ప్రోబ్‌లన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగువే తీసుకున్నాం. అమ్మోనియా తేమతో కలిస్తే రాగిని, ఇత్తడిని తినేస్తుంది. ప్లాంటులో పైపులన్నీ ఇనుమువి కావడానికీ అదే కారణం. బోర్డులు, వైఫై మాడ్యూలు, మెమరీ కార్డు అన్నీ చాంబరు బయట, మూత బిగించిన డబ్బాలో ఉన్నాయి. లోపలికి వెళ్లేవి వైర్లు మాత్రమే.

కరెంటు వైపు పని తేలిక. కంప్రెసర్ ప్యానెల్లో ఎనర్జీ మీటరు పెట్టి, దాని సీరియల్ పోర్టు నుంచి డేటా తీసుకుంటున్నాం. ప్రతి 15 నిమిషాలకు సగటు కూడా విడిగా దాస్తున్నాం. గ్రిడ్డును నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లు రోజును 96 బ్లాకులుగా విడగొట్టి షెడ్యూలు చేస్తాయి కదా. మన లెక్క వాళ్ల లెక్కతో నేరుగా కలవాలి.

మార్చి, మూడో వారం

కాగితం మీది లెక్క. చాంబరులో 20 వేల టిక్కీలు, ఒక్కోటి 40 కిలోలు అనుకుంటే 800 టన్నులు. ఎండు మిర్చి విశిష్టోష్ణం, అంటే ఒక కిలో ఒక డిగ్రీ మారడానికి కావాల్సిన వేడి, 1.8 కిలోజౌళ్లు అని పెట్టుకుంటే, ఒక డిగ్రీ మార్పుకు 400 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి. నాలుగు చాంబర్లకు 1,600. మిర్చిని 6 నుంచి 4 డిగ్రీలకు దించితే 3,200 యూనిట్ల చల్లదనం దాచినట్టు. కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి బయటికి తోస్తుంది కాబట్టి, కరెంటు లెక్కలో 900 యూనిట్లకు పైనే.

900 యూనిట్ల లిథియం బ్యాటరీ అంటే ఎంత పెట్టుబడో తెలిసినవాళ్లకు ఈ అంకె నోరూరిస్తుంది. ఇలా సరుకు మొత్తం బరువును డిగ్రీలతో గుణించి ఇంత నిల్వ ఉందని చెప్పేయడం సులువు. గ్రిడ్డు నడిపేవాళ్లు ఆ మాట నమ్మి సాయంత్రం మన మీద ఆధారపడితే ఏమవుతుందన్నదే నాకు పట్టింది.

ఏప్రిల్, మొదటి వారం

మొదటి నిజమైన డేటా. మధ్యాహ్నం మూడు గంటలు చాంబరు గాలిని 4 డిగ్రీలకు దించి ఉంచాం. గాలి అరగంటలో దిగింది. గోనె మీది ప్రోబ్ దాని వెనకే దిగింది. 5 సెంటీమీటర్ల లోతున మార్పు సగానికన్నా తక్కువ, అదీ ఆలస్యంగా. 15 సెంటీమీటర్ల దగ్గర గీత దాదాపు కదలలేదు. నడిమధ్యన ఉన్నది చల్లబడే తన పాత దారినే పోతోంది, పగలూ రాత్రీ దానికి తెలియనే లేదు.

ఎండు కాయల మధ్యంతా గాలి, చుట్టూ గోనె. సంచిలో మిర్చి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టే. ఇలాంటి పదార్థంలో రోజువారీ ఉష్ణోగ్రత అల ఎంత లోతుకు దిగుతుందో సూత్రం ఉంది. ఉష్ణ వ్యాపన గుణకాన్ని (పదార్థంలో వేడి ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకెను) 24 గంటల కాలంతో గుణించి, పై (π)తో భాగించి, వర్గమూలం తీయాలి. మన మిర్చికి అది 5 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. ప్రోబ్‌లు చెప్పిందీ అదే.

అంటే రోజువారీ ఆటలో పాల్గొనేది సరుకు మొత్తం కాదు. టిక్కీల పై పొర, చెక్క ప్లాట్‌ఫారాలు, కాంక్రీటు లోపలి ముఖం, అంతే. డేటాకు మోడల్ అమర్చి చూస్తే పనిచేసే నిల్వ మొత్తంలో ఐదో వంతు, డిగ్రీకి దాదాపు 320 యూనిట్ల వేడి. 900 కాస్తా ఒక్క దెబ్బకు 180కి వచ్చింది.

ఏప్రిల్, నాలుగో వారం

ఈ వారం కంప్యూటరు పక్కన పెట్టి కండెన్సర్ దగ్గర గడిపాం. అమ్మోనియా తన వేడిని బయటికి వదిలి ద్రవమయ్యేది అక్కడే. ఇక్కడిది పైపుల మీద నీళ్లు జారే పాత రకం. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. పైపుల మీద తెల్లగా చిప్పలా గట్టి పెచ్చు కట్టింది, గోటితో గీకితే ఊడదు. హెడ్ ప్రెషరు (కండెన్సర్ వైపు ఒత్తిడి) గేజీ 205 పీఎస్‌ఐ చూపిస్తోంది, అంటే అమ్మోనియా 39 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోంది. పెచ్చు తీయించి, నీళ్లు అన్ని పైపుల మీదా సమంగా పడేలా తొట్టెను సరిచేయించాక అదే వేళకు ముల్లు 185 దగ్గర నిలిచింది, దాదాపు 36 డిగ్రీలు. కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీకీ రెండు మూడు శాతం కరెంటు అనే పాత లెక్క ప్రకారం సుమారు 8 శాతం ఆదా. స్మార్ట్ కంట్రోలర్ పెట్టేముందు ఏ ప్లాంటులోనైనా మొదట చేయాల్సిన పని ఇదే అని నా గట్టి అభిప్రాయం.

ఆపరేటర్ బాబాయ్ ఇక్కడ పాతికేళ్ల బట్టి పనిచేస్తున్నాడు. చెవి పెట్టి వింటే చాలు, మిషన్ ఆరోగ్యం చెప్పగలడు. ఆయన అడిగిన ప్రశ్న మా రివ్యూ మీటింగులో కూడా ఎవరూ అడగలేదు. "అమ్మా, మిట్టమధ్యాహ్నం కండెన్సర్‌కి చచ్చేంత ఎండ. రాత్రి మిషన్ తేలిగ్గా నడుస్తుంది. నువ్వు పని పగటికి మారిస్తే కరెంటు ఎక్కువ కాలదా?"

చాలా సరైన ప్రశ్న. జవాబు డేటాలో దొరికింది. ఇలాంటి కండెన్సర్‌కు లెక్కలోకి వచ్చేది మామూలు ఉష్ణోగ్రత కాదు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే ఉష్ణోగ్రత. మన దగ్గర పగలు 42 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం ఉంటే ఆ తడి ఉష్ణోగ్రత 27.4. రాత్రి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 26.4. పైకి 12 డిగ్రీల తేడా కనిపిస్తున్నా కండెన్సర్‌కు తెలిసేది ఒక్క డిగ్రీయే. నీళ్లు సరిగ్గా పడుతున్నంతవరకు పగలు నడిపినందుకు పడే జరిమానా రెండు మూడు శాతమే. గాలితో మాత్రమే చల్లబడే కండెన్సర్ అయితే బాబాయ్ మాటే నిజమయ్యేది, ఈ ప్రాజెక్టు మన ఊళ్లో నిలిచేది కాదు.

మే, రెండో వారం

యార్డుకు వేసవి సెలవులు. లారీల రాకపోకలు తగ్గాయి, తలుపులు తెరవడం తగ్గింది. కొలతలకు ఇంతకన్నా మంచి కాలం లేదు. ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది.

సాయంత్రం 6 నుంచి 10 వరకు కంప్రెసర్ ఆపే పరీక్షలు మొదలుపెట్టాం. గోడల నుంచి, పైకప్పు నుంచి లోపలికి దిగే వేడి సగటున 85 కిలోవాట్లు. నాలుగు గంటలకు 340 యూనిట్ల వేడి. మనకున్న నిల్వ డిగ్రీకి 320. కాబట్టి పది గంటలకు చాంబరు ఒక డిగ్రీ పైచిలుకు పెరగాలి. అలాగే పెరిగింది. ఫ్యాన్లు మొత్తం ఆపేస్తే మాత్రం పై అంతస్తు వేడెక్కి, కింది అంతస్తు చల్లగా ఉండిపోతోంది. అందుకని ఒక ఫ్యాను గంటకు కాసేపు తిరిగేలా పెట్టాం. అది తినే కరెంటు కొద్దిపాటిదే, అంతస్తుల మధ్య తేడా పోయింది.

ఆపినప్పుడు ఎంత లోడు తగ్గిందని చెప్పాలంటే, ఆపకపోతే ఎంత ఉండేదో తెలియాలి. అది ఎప్పటికీ కనిపించని అంకె. నిన్నటి సాయంత్రంతో పోల్చుదామంటే నిన్నటి ఎండ వేరు. అందుకే రెండు చాంబర్లు ఆపి, రెండు మామూలుగా నడిపి, మర్నాడు వాటిని తారుమారు చేస్తున్నాం. పక్కపక్క చాంబర్లకు ఒకే ఎండ, ఒకే గాలి. ఈ పద్ధతి నెమ్మదే గానీ వచ్చిన అంకె మీద నాకు నమ్మకం ఉంది.

మే, చివరి వారం

తేమ సంగతి. ఈ డైరీలో ఓనరుగారి షరతుకు నేరుగా తగిలే పేజీ ఇదే.

గాలి ఎంత చల్లగా ఉంటే అంత తక్కువ ఆవిరిని మోస్తుంది. 6 డిగ్రీల దగ్గర మోయగలిగే దానికన్నా 4 డిగ్రీల దగ్గర 13 శాతం తక్కువ. చాంబరులో 6 డిగ్రీల దగ్గర సాపేక్ష తేమ 62 శాతం ఉందనుకుందాం. ఆవిరి అంతే ఉండి 4కి దించితే తేమ 71కి చేరుతుంది. చాంబరును చల్లబరిచే కాయిల్ కొంత ఆవిరిని మంచుగా లాగేసుకుంటుంది, నిజమే. కానీ మిగిలినదాన్ని పీల్చుకునేది కాయే. అదీ పై పొరలోని కాయ, ఏ పొరను మనం నిల్వగా వాడుకుంటున్నామో సరిగ్గా అదే పొర. ఎండు మిర్చి తేమ పట్టి మెత్తబడితే బూజుకు దారి దొరికినట్టే, బూజు వెనక అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంది. ఎగుమతి సరుకును ఆ ఒక్క కారణంతో వెనక్కి పంపగలరు.

ఒక డిగ్రీ మాత్రమే దించితే, 6 నుంచి 5కి, తేమ 62 నుంచి 66-67 దగ్గర ఆగుతుంది. కాయిల్ లాగేది పోగా మా సెన్సర్లు 65 దాటడం చూడలేదు. అందుకే ఒక డిగ్రీ దగ్గర గీత గీశాం. కంట్రోలర్ ప్రోగ్రాములో తేమ 65 తాకగానే ముందస్తు చల్లబరచడం ఆగిపోతుంది. గ్రిడ్డు నుంచి ఏ సంకేతం వచ్చినా, కరెంటు ధర ఎంత పడిపోయినా ఆ గీతను దాటే దారి ప్రోగ్రాములో లేదు.

ఒక డిగ్రీ అంటే 320 యూనిట్ల వేడి, కరెంటులో 90 యూనిట్లు. 900తో మొదలై 90 దగ్గర నిలబడ్డాం. ఇది నిరాశపడాల్సిన సంగతి కాదని నాకు అనిపిస్తోంది. ఈ 90 యూనిట్లు రోజూ, ఏ ఎండలోనైనా, ఏ సరుకుకూ హాని లేకుండా దొరికే 90.

జూన్, మొదటి వారం

కంప్రెసర్‌ను పూర్తిగా ఆపకుండా లోడు తగ్గించే పరీక్ష. ఈ రకం మిషన్లలో కొన్ని సిలిండర్ల సక్షన్ వాల్వులను తెరిచి పట్టుకునే అన్‌లోడర్ ఉంటుంది. దాన్ని కదిపే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) టక్కుమనగానే మిషన్ శబ్దం ఒక్కసారిగా పలచబడుతుంది, ఆయిల్ ప్రెషరు ముల్లు చిన్నగా ఊగి నిలబడుతుంది. మీటర్లో 48 కిలోవాట్లు రెండు సెకన్లలో 27కి దిగాయి.

ఇంత వేగం ఎందుకంటే ఫ్రీక్వెన్సీ కోసం. వాడకం ఉత్పత్తిని మించితే అది పడిపోతుంది. మన గ్రిడ్డు 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య నడవాలి. 2012 జులైలో ఉత్తరాది అంతా చీకటైనప్పుడు దక్షిణాది గ్రిడ్డు విడిగా ఉంది కాబట్టి మనకు తగల్లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. అప్పటినుంచి ఎక్కడ పెద్ద జనరేటర్ ట్రిప్పయినా ఆ కుదుపు గుంటూరు మీటర్లో కూడా కనిపిస్తుంది. తిరిగే బరువైన జనరేటర్లు తగ్గి సోలార్ కరెంటును గ్రిడ్డుకు ఇచ్చే ఇన్వర్టర్లు పెరిగే కొద్దీ సెకన్లలో స్పందించే లోడ్లకు విలువ పెరుగుతుంది.

అయితే బిల్లు దగ్గర ఒక చిక్కు. హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారుకు బిల్లు కిలోవాట్ అవర్లలో రాదు, కేవీఏ అవర్లలో వస్తుంది, అంటే పనికొచ్చేదే కాక మోటారు లాగే మొత్తం లెక్కలోకి వస్తుంది. లోడు తగ్గినప్పుడు మోటారు పవర్ ఫ్యాక్టర్ (లాగిన మొత్తంలో పనికొచ్చే వంతు) 0.86 నుంచి 0.68కి పడింది. కిలోవాట్లు 44 శాతం తగ్గినా కేవీఏ తగ్గింది 29 శాతమే. గ్రిడ్డుకు చేసిన మేలులో ఓనరుగారి బిల్లులో కనిపించేది మూడింట రెండు వంతులు. విడదీసి చూస్తే మోటారు అయస్కాంతీకరణకు లాగే రియాక్టివ్ పవర్ రెండు సందర్భాల్లోనూ దాదాపు అంతే, 29 కేవీఏఆర్. లోడుతో అది మారడం లేదు కాబట్టి దాన్ని చాలావరకు అక్కడికక్కడే ఇవ్వడానికి మోటారుతో పాటే ఆన్ అయ్యే 20 కేవీఏఆర్ కెపాసిటర్ ఒకటి చాలు. అప్పుడు పవర్ ఫ్యాక్టర్ తక్కువ లోడులో 0.95, నిండు లోడులో 0.98. ఖరీదైన ప్యానెల్ అక్కర్లేదు.

జూన్, మూడో వారం

ఒక్క ప్లాంటు కథ అయింది. ఇలాంటివి ఒకే 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద 20 ఉంటే ఏమిటన్నది ఈ వారం సిమ్యులేషన్.

మామూలు రోజున ఒక్కో కంప్రెసర్ రోజుకు 13 గంటలు నడుస్తుంది, ఎవరి వేళ వాళ్లది. 20 మిషన్లు, ఒక్కోటి 50 కిలోవాట్లు, ఏ క్షణంలో చూసినా సగటున 540 కిలోవాట్లు. సాయంత్రం అన్నిటినీ ఆపి రాత్రి పదికి వదిలేస్తే అన్నీ ఒకేసారి చల్లదనం కోసం లేస్తాయి. 1,000 కిలోవాట్లు. ఫీడరులో 34 ఆంపియర్లు ఉండాల్సిన చోట 62. మోటారును మెల్లగా ఎక్కించే స్టార్-డెల్టా స్టార్టర్లు ఉన్నా ఇరవై మోటార్లు ఒకే నిమిషంలో ఎక్కితే వోల్టేజి కుంగడం ఖాయం. సాయంత్రం పీకు (గరిష్ఠ లోడు) తగ్గించబోయి పది గంటలకు కొత్త పీకు కట్టినట్టవుతుంది.

కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పరిశ్రమలకు సౌర గంటల ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, పీకు ధర కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలి. దిశ మంచిదే. కానీ ధర గడియారం చూసి మారితే అందరూ గడియారం చూసే స్విచ్ వేస్తారు. అందుకని మా కంట్రోలర్‌లో పది గంటల తర్వాత ఎక్కే సమయం ప్లాంటుకో తీరుగా ఉంటుంది. ఎవరి చాంబరు ఎక్కువ వేడెక్కిందో వాళ్లు ముందు, మిగతావాళ్లు గంటన్నర లోపు వరసగా. అలా చేస్తే సిమ్యులేషన్లో ఫీడరు 700 కిలోవాట్లు దాటడం లేదు.

దీనికి ప్లాంట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు. తన చాంబరు ఉష్ణోగ్రతను బట్టి తనే ఆలస్యం లెక్క కట్టుకుంటుంది. ఇంటర్నెట్ పోయినా నడిచే పద్ధతి కావాలని మొదటినుంచీ అనుకున్నాం. కోల్డ్ స్టోరేజీ లోపల సిగ్నల్ సంగతి అందరికీ తెలిసిందే.

జులై, మొదటి వారం

యార్డు మళ్లీ తెరుచుకుంది. అమ్మకానికి బయటికి తీసిన టిక్కీలలో మా ప్రోబ్‌లు పెట్టిన ఒక లాటు కూడా ఉంది. పరీక్షలు జరిగిన చాంబరు కాయను, మామూలుగా నడిచిన చాంబరు కాయను పక్కపక్కన పోసి తేమ కొలిచాం. రెండూ 11 శాతం లోపే. ఓనరుగారు కాయ విరిచి చూశారు, గింజ చూశారు, తొడిమ దగ్గర బూజుందేమోనని వెలుతురుకు పట్టి చూశారు. "తేడా ఏం లేదు. కానీయండి," అన్నారు. రంగు విలువ పరీక్షకు రెండు నమూనాలూ ల్యాబుకు పంపాం.

పరిశోధన పేపరులో 90 యూనిట్లే రాస్తున్నాం. 900 అంకె కూడా ఉంటుంది, అది ఎందుకు వాడకూడదో చూపించడానికి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లకు ఇవ్వబోయే నోటులో మూడు విషయాలు పెడుతున్నాను: పనిచేసే నిల్వను పై పొరతో లెక్కకట్టాలని, తేమ గీత దాటకూడదని, ఆపడానికి ఇచ్చే ప్రోత్సాహకంలో తిరిగి ఎక్కే తీరు కూడా షరతుగా ఉండాలని.

పక్క రోడ్డులోని రెండో కోల్డ్ స్టోరేజీ వాళ్లు వచ్చే నెల నుంచి మీటరు పెట్టుకోవడానికి సరేనన్నారు. వాళ్లది ఇదే ఫీడరు. రెండు ప్లాంట్లూ పది గంటల తర్వాత వరసగా ఎక్కడం అప్పుడు సిమ్యులేషన్లో కాకుండా సబ్‌స్టేషన్ అమ్మీటరులో చూడొచ్చు. ఈలోపు కెపాసిటర్ బిగించాలి, కండెన్సర్ నీళ్లకు సాఫ్ట్‌నర్ ఖర్చు ఎంతో కనుక్కోవాలి. అన్‌లోడర్ వేసే వేళలు బాబాయ్ తన లాగ్ బుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పేజీలను మా డేటాతో సరిచూసే పని ఈ శనివారం పెట్టుకున్నాం.